మా నెత్తురు మీకిచ్చాం, మీ ఫలితాలు మాకివ్వండి

ఉద్దానం కిడ్నీ వ్యాధిపై పరిశోధన చేస్తున్న వైద్యులకు, శాస్త్రవేత్తలకు, వారికి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థలకు, ఆ పరిశోధనలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఉంటాను. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా పెదనాన్న గారి అబ్బాయి, నాకు అన్నయ్య, డయాలసిస్ మీద బతుకుతున్నాడు. ఉద్దానంలో ఇది విశేషమైన సంగతేమీ కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా చేతి మీద ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటి ఉబ్బు, కనిపించే మనుషులు ఎదురవుతారు. మీకు ఇది చెప్పనక్కరలేదు. మీలో కొందరు మా ఇళ్ల అరుగుల మీద కూర్చుని, మా కొబ్బరి బొండాలు తాగి, మా కష్టం విని వెళ్లినవారే.

మీ బృందాల్లో ఒకటి మా వీధికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. పరగడుపున ఉండమని ముందు రోజే చెప్పారు. రామమందిరం అరుగు మీద బల్ల వేసి, పక్కన నీలం రంగు ఐసుపెట్టె పెట్టుకున్నారు. ఒక్కొక్కరి జబ్బకూ రబ్బరు పట్టీ బిగించి, చిన్న గొట్టాల్లోకి రక్తం తీసి, వాటి మీద అంకె వేసిన కాగితాలు అంటించారు. అన్నయ్య ఇంటి బావి నుంచి ఒక సీసా, వీధి చివరి బోరు నుంచి ఒక సీసా నీళ్లు పట్టారు. జీడితోటకు ఏ మందులు కొట్టేవాడివి, ఎండలో ఎన్ని గంటలు పని చేసేవాడివి, ఒళ్లునొప్పులకు ఏ మాత్రలు వాడేవాడివి అని ఒక అమ్మాయి అన్నయ్యను ఓపికగా అడిగి రాసుకుంది. చివర అంగీకార పత్రం చదివి వినిపించింది. మీకు నేరుగా లాభం లేకపోయినా మీ ప్రాంతానికి మేలు జరుగుతుందని అందులో ఉంది. అన్నయ్య సంతకం పెట్టాడు. వదిన వేలిముద్ర వేసింది. ఆ రోజు మా వీధిలో ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత చాలాకాలం ఏ కబురూ లేదు. కిందటేడాది ఒక సాయంత్రం అన్నయ్య కూతురు ఫోను పట్టుకుని పరుగున మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల నర్సింగ్ చదువుతోంది. "బాబాయ్, మన నీళ్ల మీద పరిశోధన పేపరు వచ్చింది" అంది. ఇద్దరం వసారాలో దీపం కింద కూర్చుని చూశాం. తెర మీద పేపరు శీర్షిక, రచయితల పేర్లు, పదిపన్నెండు వరసల సారాంశం ఉన్నాయి. ఈ ప్రాంతంలో నీటి నమూనాలు సేకరించామనీ, వాటిలో కొన్ని ప్రమాణాలకు లోబడి లేవనీ ఆ సారాంశంలో ఉంది. కొన్ని అంటే ఎన్ని? బావులా, బోర్లా? ఎంత లోతు? ఏ పదార్థం ఎంత మోతాదులో ఉంది? అవన్నీ లోపలి పట్టికల్లో ఉంటాయి. లోపలికి వెళ్లబోతే తాళం బొమ్మ, దాని పక్కన ధర: 35.95 డాలర్లు.

మన డబ్బులో మూడు వేల పైమాటే. ఇక్కడ ఉపాధి హామీ పనికి వెళ్తే రోజుకు మూడు వందల చిల్లర వస్తుంది. డయాలసిస్ రోగికి ప్రభుత్వం ఇచ్చే పింఛను నెలకు 10,000 రూపాయలు. తన రక్తం గురించి, తన బావి గురించి రాసిన ఒక్క పేపరు చదవడానికి అన్నయ్య ఆ పింఛనులో మూడోవంతు చెల్లించాలి. అదీ ఆ పేపరులో తనకు పనికివచ్చేది ఉందో లేదో తెలియకుండానే.

"ఇందులో మన బావి ఉందా బాబాయ్?" అని పిల్ల అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు నీటి కాఠిన్యం ఎలా కొలవాలో, పీపీఎం అంటే ఏమిటో చెప్పినవాణ్ణి. ఆ పట్టిక నా ముందుంటే అరగంటలో చదివి చెప్పేవాణ్ణి. ఆ అరగంట పనికి అడ్డం పడింది మా తెలివితక్కువతనం కాదు, ఇంగ్లీషు రాకపోవడం కాదు. పేదవాళ్లకు సైన్సు అర్థం కాదని ఎవరైనా అంటే ఇక ముందు నేను ఊరుకోను.

పిల్ల రచయితకు ఈమెయిల్ రాసింది. మూడో రోజు ఆయన పేపరు పంపారు. ఆయనకు మా వీధి మొత్తం తరఫున కృతజ్ఞతలు. చదివి ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు. "మాస్టారూ, ఇది అందరికీ కనిపించేలా పెట్టాలని నాకూ ఉంది. కానీ జర్నల్‌కు కాపీరైటు రాసిచ్చాను. ఎక్కడ పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో నాకూ సరిగా తెలియదు" అన్నారు. ఈ ఉత్తరం రాయాలనిపించింది ఆ మాట విన్న తర్వాతే. పేపరు రాసిన మనిషి మంచివాడు, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. తన రాత తన చేతిలో ఉందో లేదో మాత్రం ఆయనకే తెలియదు.

ఆ పేపరు మూడు రాత్రులు చదివాను. నాలుగో రోజు అదే రామమందిరం అరుగు మీద ఇరవై మందికి తెలుగులో చెప్పాను. వ్యాధికి కారణం తేలిందని అందులో లేదు, ఇంకా తేలలేదనే ఉంది. ఆ ఒక్క ముక్కే మాకు ఎంత ఉపయోగపడిందో మీరు ఊహించలేరు. కారణం కనిపెట్టేశామంటూ ఊరూరా తిరిగి పొడులు అమ్మే ఒకాయన దగ్గర వదిన అప్పుచేసి మరీ వాటిని కొనేది. ఆ రోజుతో మానేసింది. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగితే మూత్రపిండాలకు చేటు అని చెప్పినప్పుడు, కొబ్బరి దింపే ఇద్దరు కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టర్లు ఈ మాట ఇదివరకూ చెప్పే ఉంటారు. కానీ తమ మీద జరిగిన పరిశోధన తమ ఎదుట తెరిచి చెప్పినప్పుడు మనిషి వినే తీరు వేరు.

న్యాయంగా ఒక సంగతి చెప్పాలి. ఉద్దానం మీద వచ్చిన పేపర్లన్నీ తాళాల వెనకే లేవు. కొందరు పరిశోధకులు ఎవరైనా చదవగల ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలోనే తమ పని ప్రచురించారు. వాటిని వెతికి చదివాను, పిల్లతో చదివించాను. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులకూ, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీలకూ మాలాంటి వ్యాధే ఉందని, అక్కడా కారణాల గురించి ఇంకా వాదోపవాదాలు నడుస్తున్నాయని వాటి ద్వారానే మాకు తెలిసింది. ఎక్కడో సముద్రాల అవతల చెరకు నరికే మనిషికీ మా జీడితోట కూలీకీ ఒకే బాధ ఉందని తెలిసినప్పుడు మా వీధివాళ్లు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పేపర్లను తెరిచి ఉంచిన మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. మిగిలినవారిని కూడా మీ దారిలోకి రమ్మని అడగడానికే ఈ ఉత్తరం.

ఆ తాళం వేసిన సంస్థ పేరు నేనిక్కడ రాయడం లేదు. ఒక్క సంస్థను తిట్టి ప్రయోజనం లేదు, ఏర్పాటే అలా ఉంది. మా పలాస భాషలో చెబుతాను. జీడి రైతు తన పిక్కలను ఫ్యాక్టరీకి ఉచితంగా ఇస్తాడనుకోండి. పక్క తోట రైతులు వచ్చి కూలీ తీసుకోకుండా పప్పును గ్రేడు చేసి పెడతారనుకోండి. ఫ్యాక్టరీ దాన్ని డబ్బాలో పోసి, తన పేరు అంటించి, అదే రైతుకు తాను చెప్పిన ధరకు అమ్ముతుందనుకోండి. మా దగ్గర ఏ రైతూ దీనికి ఒప్పుకోడు. పరిశోధనా ప్రచురణలో జరుగుతున్నది అక్షరాలా ఇదే. జీతం ఇచ్చేది ప్రభుత్వం, నిధులు ఇచ్చేది ప్రభుత్వం, రక్తం ఇచ్చేది మేము. రాసినవారికి జర్నల్ పైసా ఇవ్వదు. తప్పొప్పులు చూసే సమీక్షకులకూ సాధారణంగా ఏమీ ఇవ్వదు. కాపీరైటు మాత్రం రాయించుకుంటుంది. తర్వాత అదే పేపరును విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు చందా కట్టించుకుని చూపిస్తుంది.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 1665లో లండన్ రాయల్ సొసైటీ జర్నల్ మొదలైనప్పుడు ఉద్దేశం ఒకరు కనుగొన్నది మరొకరికి చేరడమే. శాస్త్రీయ సంఘాలు నడుపుకునే జర్నళ్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద వ్యాపారంగా మారాయి. బ్రిటన్ వ్యాపారి రాబర్ట్ మాక్స్‌వెల్ పెంచిన పెర్గమాన్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థను 1991లో ఎల్సెవియర్ అనే మరో పెద్ద ప్రచురణ సంస్థ కొన్నది. ఆ ఎల్సెవియర్ ఉన్న రెలెక్స్ కంపెనీ వైజ్ఞానిక, వైద్య విభాగంలో 2023లో నిర్వహణ లాభం ఆదాయంలో దాదాపు 38 శాతం. నూటికి ముప్పై ఎనిమిది! అచ్చు వేయడానికి, సర్వర్లు నడపడానికి, సంపాదక కార్యాలయానికి ఖర్చులుంటాయని నాకు తెలుసు. అవన్నీ పోను మిగిలినదే అంత.

తాళం ఎవరినైనా చంపుతుందా అని మీరు అడగవచ్చు. లైబీరియా కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా మళ్లీ చెబుతాను. 1982లో జర్మన్ పరిశోధకులు ఆ దేశపు రక్తనమూనాల్లో ఎబోలా యాంటీబాడీలు కనిపించాయని ఒక యూరప్ జర్నల్‌లో రాశారు. లైబీరియాను ఎబోలా ఉన్న ప్రాంతాల్లో చేర్చాలనీ, అక్కడి వైద్య సిబ్బంది జాగ్రత్తగా ఉండాలనీ అప్పుడే హెచ్చరించారు. 2014లో పశ్చిమాఫ్రికా మీద ఎబోలా విరుచుకుపడి 11,000 మందికి పైగా చనిపోయారు. లైబీరియాలో ఈ వ్యాధి ఉండదనే అంతవరకూ అందరూ అనుకున్నారు. 2015 ఏప్రిల్‌లో లైబీరియా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి, సహచరులతో కలిసి, ఒక అమెరికా పత్రికలో ఈ సంగతి బయటపెట్టారు. అలాంటి పేపరు ఒకటి దింపుకోవాలంటే 45 డాలర్లు, లైబీరియాలో ఒక డాక్టరుకు అది దాదాపు సగం వారం జీతం అని రాశారు. రక్తం ఆ దేశపు మనుషులది, హెచ్చరికా వాళ్ల కోసమే. అది వాళ్లను మాత్రం చేరలేదు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఇవే ప్రచురణ సంస్థలు ఆ వ్యాధికి సంబంధించిన పేపర్లను ఉచితంగా తెరిచాయి. తెరవగలరని అప్పుడు రుజువైంది. ఎవరి కంపెనీ మూతపడలేదు. ఉద్దానం వ్యాధి తుమ్మితే అంటుకోదు, విమానం ఎక్కి లండన్‌కు, న్యూయార్క్‌కు పోదు. కొబ్బరి చెట్ల నీడలో, ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషిని మెల్లమెల్లగా తీసుకుపోతుంది. అందుకని మా పేపర్లకు తాళాలు అలాగే ఉండాలా? ఈ ప్రశ్న రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది.

మన దేశ ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం - ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. మారుమూల ప్రభుత్వ కాలేజీ విద్యార్థికి ఐఐటీ విద్యార్థి చదివే జర్నల్ దొరకడం గొప్ప మార్పు, నేను సంతోషించాను. కానీ నర్సింగ్ ప్రైవేటు కాలేజీలో చదువుతున్న మా పిల్ల ఆ గొడుగు కింద లేదు. పలాసలో, సోంపేటలో సొంత నర్సింగ్ హోం నడుపుకుంటూ రోజుకు పదిమంది కిడ్నీ రోగులను చూసే డాక్టరు లేడు. మా జిల్లా విలేకరి లేడు, మా పంచాయతీ సర్పంచి లేదు, అన్నయ్య లేడు. పైగా ఇది అద్దె ఇల్లు. చందా కట్టినంతకాలమే తలుపు తెరిచి ఉంటుంది. మన పన్నుల సొమ్ముతో మన శాస్త్రవేత్తలు రాసినదాన్ని మనమే వేల కోట్లు పోసి ఏటేటా అద్దెకు తెచ్చుకుంటున్నాం.

తాళాలు పగలగొట్టే దారి కూడా ఒకటుందని కుర్రాళ్లు నాకు చూపించారు. కజకస్తాన్ అమ్మాయి అలెగ్జాండ్రా ఎల్బక్యాన్ 2011లో పెట్టిన సై-హబ్, తాళం వేసిన పేపర్లను ప్రచురణ సంస్థల అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే వెబ్‌సైటు. 2020 చివర పెద్ద ప్రచురణ సంస్థలు ఢిల్లీ హైకోర్టులో దాని మీద కేసు వేశాయి. 2025 ఆగస్టులో దాన్ని దేశంలో నిలిపివేయమని కోర్టు ఆదేశించింది. ఉపాధ్యాయుడిగా నేను పిల్లలకు ఆ దారి చెప్పలేదు, చెప్పను. కానీ తన తండ్రి వ్యాధి గురించి చదవాలనుకున్న ఆడపిల్లకు దొంగదారి ఒక్కటే మిగలడం నాకు సిగ్గుగా ఉంది. రాజమార్గం తెరవగలవారు మీరు.

ఇక్కడ ఒక అపార్థానికి చోటివ్వకూడదు. ఓపెన్ యాక్సెస్ అంటే లక్షలు కట్టి పేపరు తెరిపించమని నేను అడగడం లేదు. పాఠకుడి దగ్గర తీసుకునే డబ్బు మానేసి రచయిత దగ్గర తీసుకునే పద్ధతి ఇప్పుడు బాగా ప్రబలింది. 'నేచర్' జర్నల్ 2021లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఒక్క పేపరుకు 9,500 యూరోలు పెట్టింది. ఎనిమిది లక్షలకు పైమాట. ఆ డబ్బుతో మా ఊళ్లలో ఎంతమందికి రక్తపరీక్షలు చేయవచ్చో లెక్క వేయండి. మరోవైపు, డబ్బు కడితే ఏది పంపినా వారంలో అచ్చు వేస్తామనే నకిలీ జర్నళ్లు మా కాలేజీ లెక్చరర్ల ఫోన్లకు రోజూ సందేశాలు పంపుతున్నాయి. వాకిట్లోంచి తీసిన తాళాన్ని పెరటి గుమ్మానికి వేస్తే ఇల్లు తెరిచినట్టు కాదు.

డబ్బు అక్కరలేని దారి ఉంది, మీలో చాలామందికి తెలియని దారి. మీ పేపరు సమీక్ష పూర్తయి, జర్నల్ ఆమోదించాక, వారి అచ్చు రూపం ఇంకా పడని మీ సొంత రాతప్రతి ఒకటి మీ దగ్గర ఉంటుంది. ఆ ప్రతిని మీ సంస్థ నెట్‌లో నడిపే ఉచిత నిధిలో, అంటే ఎవరైనా చదువుకునేలా పేపర్లు భద్రపరిచే చోట, పెట్టుకోవడానికి చాలా జర్నళ్లు అనుమతిస్తాయి. కొన్ని వెంటనే, కొన్ని కొన్నాళ్లు ఆగి. ఆగమనే షరతును ఒప్పుకోబోమని పేపరు పంపేటప్పుడే రాసే రచయితలు కూడా ఇప్పుడు ఉన్నారు. నాకు మర్యాదగా ఫోన్లో మాట్లాడిన ఆ పరిశోధకుడికి ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే, అన్నయ్య కూతురు ఆ సాయంత్రమే మొత్తం చదివేది.

నియమాలు కూడా మీ వైపే ఉన్నాయి. కేంద్రపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) 2011లో, వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) 2013లో తమ పరిశోధనలను తెరిచి ఉంచాలని చెప్పాయి. కేంద్ర ప్రభుత్వపు బయోటెక్నాలజీ, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలు 2014 డిసెంబరులో విధానమే ప్రకటించాయి. తమ నిధులతో వచ్చిన పేపరు రాతప్రతిని సంస్థ నడిపే పేపర్ల నిధిలో పెట్టాలని అందులో ఉంది. విధానం ఉంది, అడిగేవాళ్లు లేరు. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో జరిగిన పరిశోధనను 2025 జులై 1 నుంచి ప్రచురణ రోజునే ఉచితంగా చూపాలి, ఒక్క రోజు గడువు కూడా లేదు. బ్రెజిల్‌లో 1997లోనే సైలో పేరుతో ప్రజాధనంతో నడిచే ఉచిత జర్నళ్ల వేదిక మొదలై లాటిన్ అమెరికా అంతా పాకింది. మనకూ అలాంటి వారసత్వం ఉంది. రామన్ తన కొత్త కాంతి గురించి 1928లో రాసిన ముఖ్యమైన పేపరును ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వేశారు. మన తెలుగు పల్లెల నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, దానివల్లే ఎముకలు వంకర పోతున్నాయని 1937లో చెప్పిన తొలి పేపర్లలో ఒకటి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే ఆ జర్నల్‌ను ఇవాళ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఫ్లోరోసిస్ సంగతి మన గడ్డ మీద, మన జర్నల్‌లో వచ్చింది. మా కిడ్నీల సంగతి అలా రాకూడదా?

ఎథిక్స్ కమిటీల సభ్యులను ప్రత్యేకంగా అడుగుతున్నాను, ఎందుకంటే అసలు తాళంచెవి మీ దగ్గరే ఉంది. మీ సంతకం లేనిదే ఏ బృందమూ మా వీధిలో సూది పట్టలేదు. పరిశోధనలో పాల్గొన్నవారికి దాని ఫలితాల సారం తెలుసుకునే అవకాశం ఇవ్వాలని, మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనకు ప్రపంచ వైద్య సంఘం పెట్టిన నీతి నియమాలైన హెల్సింకీ ప్రకటన చెబుతోంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కూడా ఫలితాలను సమాజానికి తెలియజేయాలనే అంటాయి. మీరు అంగీకార పత్రంలో అక్షరం అక్షరం చూస్తారు, సూది వల్ల నొప్పి కలుగుతుందని రాశారో లేదో చూస్తారు. ఫలితం మా దాకా ఎలా వస్తుందో, ఏ భాషలో వస్తుందో, ఎన్నాళ్లకు వస్తుందో కూడా చూడండి. పేపరు రాతప్రతి ప్రచురణ రోజునే ఉచిత నిధిలో పెడతామని రాసివ్వని బృందానికి అనుమతి ఇవ్వకండి. నిధులిచ్చే సంస్థలు ఆఖరి విడత డబ్బు విడుదల చేసే ముందు ఆ పని జరిగిందో లేదో చూడాలి.

పేపరు తెరిచినంత మాత్రాన అన్నయ్యకు అర్థం కాదు, నిజమే. అందుకే ప్రతి పేపరుతో పాటు రెండు పేజీల తెలుగు కావాలి. తెలుగు అంటే, ఇంగ్లీషు పదానికి బదులు నోరు తిరగని సంస్కృత పదం పెట్టింది కాదు. మా జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో గిడుగు రామమూర్తి గారు పుట్టారు. చదువు జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడారు. కొండల మీది సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పోరాడింది కూడా ఒక తాళంతోనే. గ్రాంథికం అనే తాళం. కిడ్నీ ఎంత దెబ్బతిన్నదో తెలిపే రక్తపరీక్ష, క్రియాటినిన్, అన్న మాట మా ఊళ్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. "నాకు ఆరు, మా ఆయనకు తొమ్మిది" అని చెప్పుకుంటారు. ఆ మాటను మార్చకండి, దాని చుట్టూ ఉన్న వాక్యాన్ని మాత్రం మేం మాట్లాడుకునేలా రాయండి. రాయడం కష్టమైతే మమ్మల్ని పిలవండి. నాలాంటి రిటైరైన మాస్టార్లు ఈ మండలాల్లో చాలామందే ఉన్నారు. కూలీ అడగం.

ఇంకొకటి. పేర్లు, ఊళ్లు బయట పెట్టకూడదన్న మీ జాగ్రత్త సరైనదే. ఈ వ్యాధి పేరు చెప్పి మా పిల్లల సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు నాకు తెలుసు. లోకానికి పేరు చెప్పకండి. కానీ ఆ ఇంటికి మాత్రం ఆ ఇంటి బావి లెక్క చెప్పండి. సీసా మీద అంకె వేసినప్పుడు ఆ అంకె రాసిన చీటీ ఒకటి మా చేతికి కూడా ఇవ్వండి. పేపరు వచ్చాక మా అంకె మేమే వెతుక్కుంటాం.

అన్నీ ఒకచోట దొరికే ఏర్పాటు ఈ జిల్లాలోనే జరగాలని నా కోరిక. ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి. ఉద్దానం మీద ఇంతవరకు వచ్చిన ప్రతి పేపరు రాతప్రతి, ప్రతి సిద్ధాంత గ్రంథం, దాని తెలుగు సారాంశం ఈ రెంటిలో ఒకటి సేకరించి నెట్‌లో ఉచితంగా ఉంచాలి. డయాలసిస్ గది బయట బెంచీల దగ్గర ఒక బీరువాలో అచ్చు ప్రతులు పెట్టాలి. నాలుగేసి గంటలు అక్కడ కూర్చునే తోడువాళ్లకు చదువుకోవడానికి గోడ మీది ప్రకటనలు తప్ప ఏమీ లేవు. ఇది అయ్యే పనేనా అనుకుంటే ఒకసారి శ్రీకాకుళం పట్టణానికి రండి. కాళీపట్నం రామారావు గారు, మా కారా మాస్టారు, ఒక బడి పంతులు. తనకు వచ్చిన పురస్కారాల డబ్బుతో 1997లో కథానిలయం స్థాపించారు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని ఊరూరూ తిరిగి పాత పత్రికలు పోగుచేశారు. ఇవాళ ఆ కథల్ని ప్రపంచంలో ఎక్కడున్నవారైనా ఒక్క పైసా కట్టకుండా నెట్‌లో చదువుకుంటున్నారు. ఒక బడి పంతులు కథల కోసం చేసిన పనిని, ఇన్ని ప్రభుత్వ సంస్థలు కలిసి మా ప్రాణాల కోసం చేయలేవంటే నేను నమ్మను.

మీమీద మాకు కోపం లేదు. మీరు ఇంకా రావాలి. కారణం తేలేదాకా మళ్లీ మళ్లీ రావాలి. మా చేతులు అప్పుడూ చాపుతాం. కానీ ఈసారి మా వీధిలో ఒక కొత్త మాట అనుకున్నాం. పేపరు చదివి వినిపించిన రాత్రి, అదే అరుగు మీద, అన్నయ్యే అన్నాడు. ఇకపై సంతకం పెట్టే ముందు పత్రం చివర ఒక వాక్యం ఉందో లేదో చూస్తాం, లేకపోతే రాయించుకుని పెడతాం. అన్నయ్య కూతురు ఆ వాక్యాన్ని తన నోటుపుస్తకంలో రాసి అందరికీ చదివి వినిపించింది, ఒకటి రెండు మాటలు వదిన సరిదిద్దింది. మీకు వెతుక్కునే శ్రమ లేకుండా ఇక్కడే ఇస్తున్నాను:

"మీ దగ్గర తీసుకున్న రక్తం, నీళ్లు, మాటల నుంచి మేం రాసే ప్రతి పేపరునూ అచ్చైన రోజునే ఎవరైనా డబ్బు కట్టకుండా చదివేలా పెడతాం, అందులో ఏముందో తెలుగులో రాసి ఈ ఊరికి పంపుతాం, మీ ఇంటి లెక్క మీకు చెబుతాం."

ఇట్లు
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు, వీధివారి తరఫున
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా